కడగని రీలును ఏ స్కానరూ చదవలేదు

ఈ మధ్య నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పాత ఫోటోల గురించి ఎవరితో మాట్లాడినా ఒకే ప్రశ్న ఎదురవుతోంది. ఇంట్లో పాత రీళ్లు ఉన్నాయి, అప్పట్లో కడిగించలేదు, ఇప్పుడు ఆ మందులూ డార్క్ రూములూ ఎందుకు, నేరుగా స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు కదా అని. ఇప్పుడు కుదరకపోతే పదేళ్లలో కుదురుతుంది, అప్పటిదాకా దాచిపెడదాం అనేవాళ్లు ఇంకా ఎక్కువ. నాకు భయం వేసేది ఈ రెండో మాటకే. దాచిన రీలు దాచినట్టు ఉండదు. మన ఎండలకీ మన గాలిలోని తేమకీ అది ఏటా కొంత పోతూనే ఉంటుంది.

ఇదంతా రాయడానికి కారణం కలిగిరి దగ్గర ఒక పల్లెలో ఉంటున్న రిటైర్డ్ టీచరు. ఆయన దగ్గర కడగని రీళ్లు రెండు ఉన్నాయి. 1992లో తీసినవి. సారా వ్యతిరేక ఉద్యమం దూబగుంటలో రాజుకుని జిల్లా అంతా పాకిన రోజులవి. రాత్రి బళ్లలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్ల ముందు బైఠాయించారు, వేలంపాటలు ఆపించారు, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అయ్యేదాకా పట్టు వదల్లేదు. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆమెతో పాటు ఊరూరా నిలబడిన వందల మంది ఆడవాళ్ల ముఖాలు మాత్రం ఎక్కడా లేవు. మాస్టారు అప్పట్లో రాత్రి బడిలో చదువు చెప్పేవారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆగ్ఫా క్లిక్ కెమెరా ఒకటి ఆయన దగ్గర ఉండేది. రీలుకి 12 ఫోటోలు. తీసినవాటిలో కొన్ని నెల్లూరు పంపి కడిగించారు, ఈ రెండూ బదిలీ హడావుడిలో ట్రంకు పెట్టె అడుగున ఉండిపోయాయి. రీలు చుట్టూ అంటించిన కాగితం పట్టీ మీద ఆయన చేతిరాత ఇప్పటికీ చదవొచ్చు. ఒకదాని మీద "కొట్టు దగ్గర", రెండోదాని మీద "చెట్టు కింద మీటింగు".

కడిగిద్దాం మాస్టారూ అంటే ఆయన సరేననేవారే. అడ్డు చెప్పింది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయి. "అన్నా, తొందరపడొద్దు. మందులో వేశాక పాడైతే మళ్లీ రాదు. టెక్నాలజీ ఎంత స్పీడుగా మారుతోందో చూస్తున్నారుగా, కొన్నాళ్లు ఆగితే రీలు విప్పకుండానే స్కాన్ చేసే మెషిన్ వస్తుంది" అన్నాడు. నాన్న తీసిన ఫోటోలంటే ప్రాణం కాబట్టే అలా అన్నాడు. అతను వేసిన ప్రశ్నలు కూడా కొట్టిపారేసేవి కావు. అందుకే ఒక్కోటీ తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఫిల్మ్ మీద ఏముందో చూద్దాం. ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత, ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు. ఎక్కువ భాగం సిల్వర్ బ్రోమైడ్, కొంచెం సిల్వర్ అయొడైడ్. ఒక్కో స్ఫటికం సైజు మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూ. కెమెరా క్లిక్ మన్నప్పుడు వెలుగు సోకిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు కదిలి ఒక బలహీనమైన చోట చేరతాయి, అక్కడున్న వెండి అయాన్లను వెండి పరమాణువులుగా మారుస్తాయి. ఇది జరిగే తీరును గర్నీ, మాట్ అనే శాస్త్రవేత్తలు 1938లో వివరించారు. ఆ బలహీనమైన చోటు ఎలా ఏర్పడుతుందన్నది ఇంకా ముచ్చటైన విషయం. జెలటిన్ తీసేది పశువుల ఎముకలు, తోళ్ల నుంచి. ఒక జెలటిన్‌తో చేసిన ఫిల్ముకి చురుకు ఎక్కువ, ఇంకో జెలటిన్‌తో చేసినదానికి తక్కువ ఎందుకుంటోందని 1920ల్లో కొడాక్ కంపెనీలో షెపర్డ్ అనే ఆయన వెతికితే, పశువులు మేసిన ఆవ జాతి మొక్కల్లోని గంధకం దగ్గర తేలింది. ఆ గంధకం స్ఫటికం మీద సన్నటి చుక్కలు పెడుతుంది, వెలుగు సోకినప్పుడు వెండి చేరేది ఆ చుక్కల దగ్గరే. ఒంగోలు ఎడ్లను చూసి గర్వపడే ప్రాంతం వాళ్లం కాబట్టి మనం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఇది.

ఇంతకీ ఎన్ని వెండి పరమాణువులు చేరతాయి? నాలుగు చేరినా చాలు, ఆ స్ఫటికం మందుకి లొంగుతుంది. మైక్రాను పొడవు, వెడల్పు, మందం ఉన్న స్ఫటికంలో మొత్తం వెండి అయాన్లు లెక్క కడితే దాదాపు 2,000 కోట్లు. అందులో మారింది నాలుగు. ఫోటో అంతా ఆ నాలుగులోనే ఉంది. డెవలపర్ మందు చేసే పని ఆ నాలుగింటిని పట్టుకుని మిగతా 2,000 కోట్లనూ నల్లటి వెండిగా మార్చడం. నాలుగు కూడా లేని స్ఫటికాన్ని అది ముట్టుకోదు. తర్వాత హైపో అనే ఇంకో మందు వచ్చి ముట్టుకోని స్ఫటికాలన్నిటినీ కరిగించి తీసేస్తుంది. మిగిలిన నలుపే మన నెగటివ్.

రెండు గిన్నెల్లో గోరువెచ్చటి పాలు పెట్టి, ఒకదానిలో మాత్రం చుక్క మజ్జిగ కలిపి తోడు పెట్టి, వెంటనే రెండింటినీ ఫోటో తీసి ఏది పెరుగవుతుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? తెల్లారాక చూస్తేనే తెలుస్తుంది. కడగని రీలుని స్కానర్ మీద పెట్టడం ఆ ఫోటో తీయడమే.

పైగా స్కానర్ చూసేది వెలుగుతో. హైపోలో పడని ఫిల్ముకి ఏ వెలుగు తగిలినా అది ఇంకో ఫోటో కిందే లెక్క. మన వైపే ఒక ఊళ్లో పెళ్లి రీలు ఒకటి ఇలాగే పోయింది. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు డబ్బాలోంచి ఫిల్మ్ మొత్తం బయటికి లాగి, ముక్కలు కత్తిరించి, స్కానర్ అద్దం మీద పరిచాడట. ఆ ముక్కలు తర్వాత నా చేతికి వచ్చాయి. ఒకవైపు గోధుమరంగు, ఇంకోవైపు కాస్త ముదురు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు. గీత లేదు, నీడ లేదు. ఆ కుర్రాణ్ణి అనలేం, రీలు చూసి ఎరగని వయసు. తెచ్చిచ్చినవాళ్లు "స్కాన్ చేయి బాబూ" అన్నారు, అతను చేశాడు.

మరి ఫిల్ముకి కనపడని వెలుగు వాడితే? ఇది మాస్టారి అబ్బాయి మొదటి ప్రశ్న. మంచి ప్రశ్నే. మామూలు ఫిల్ముకి పరారుణ కిరణాలు కనపడవు. ఆ కిరణాలతో చూసే కళ్లజోళ్లు పెట్టుకుని చీకట్లో ఫిల్ముతో పనిచేసేవాళ్లు ఉన్నారు, ఫిల్ముకి ఏమీ కాదు. కానీ చూడటానికి అక్కడ ఏముంది? 2,000 కోట్లలో నాలుగు మారితే కిరణం వెళ్లే తీరులో కొలవదగ్గ తేడా రాదు. వెలుగు సోకిన స్ఫటికం, సోకని స్ఫటికం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు? సరే, లెక్క వేద్దాం. మామూలు 35 ఎంఎం ఫ్రేము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు పరమాణువుల గుంపుని పట్టుకోవాలంటే నానోమీటరు, అంటే మైక్రానులో వెయ్యో వంతు, మేర చుక్కలుగా వెతకాలి. సెకనుకి 100 కోట్ల చుక్కలు చూసే యంత్రం ఉందనుకుందాం. పైపొర ఒక్కటి చూడటానికి 10 రోజులు పడుతుంది. కలర్ ఫిల్మ్ పూత మందం సుమారు 20 మైక్రాన్లు, అంటే నానోమీటరు చొప్పున 20,000 పొరలు. మొత్తం 2 లక్షల రోజులు, దాదాపు 547 ఏళ్లు, ఒక్క ఫోటోకి. మాస్టారి రీలులో పూత పలచనే గానీ ఒక్కో ఫ్రేము ఇంతకు మూడున్నర రెట్లు పెద్దది. వేగం మాట వదిలేసినా, ఎలక్ట్రాన్ కిరణం తగిలితే సిల్వర్ బ్రోమైడ్ అక్కడికక్కడే వెండిగా మారిపోతుంది. వెతకడానికి వెళ్లిన కిరణమే దొంగ ఆనవాళ్లు పెట్టి వస్తుంది. కంప్యూటర్లు ఎంత వేగం పెరిగినా ఈ చిక్కు విడదు, ఎందుకంటే చిక్కు ఉన్నది ఫిల్ములో.

అతని రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది. నెల్లూరు పొగతోటలో ఏ హాస్పిటల్‌కి వెళ్లినా ఇప్పుడు ఎక్స్‌రే ఫిల్మ్ కడగడం లేదు, ప్లేటుని మెషిన్లో పెడితే క్షణాల్లో బొమ్మ కంప్యూటర్లో వస్తోంది, అది కడగకుండా స్కాన్ చేయడం కాదా అన్నాడు. అవును, అచ్చంగా అదే. కనపడకుండా దాగిన బొమ్మను లేజరుతో చదవడమే. కాకపోతే ఆ ప్లేటులో వెండి లేదు. అది 1980ల్లో ఫూజీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన పద్ధతి. ప్లేటు మీద బేరియం ఫ్లోరోబ్రోమైడ్, అందులో చిటికెడు యూరోపియం. ఎక్స్‌రే తగిలిన చోట ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. ఎర్ర లేజరు తగలగానే అవి విడిపోయి నీలి వెలుగు ఇస్తాయి, ఆ వెలుగుని కొలిచి బొమ్మ కడతారు. అంటే అడిగితే బదులు చెప్పేలా ఆ పదార్థాన్ని ఎంచి తయారు చేశారు. ఫిల్ములోని స్ఫటికం అలా తిరిగి వెలుగు ఇవ్వదు. దాని నుంచి బదులు రాబట్టడానికి మనిషి కనిపెట్టిన మార్గం డెవలపర్ మందే. 1840లో ఇంగ్లండులో టాల్బట్ ఈ సంగతి పట్టుకున్నాడు. అంతకుముందు కాగితం దానంతటదే నల్లబడేదాకా కెమెరాని గంటసేపు ఎండలో ఉంచాల్సి వచ్చేది. మందుతో లోపలి బొమ్మను పైకి తేవచ్చని తెలిశాక అది నిమిషాల పని అయింది. సెకనులో వందో వంతుకి ఫోటో తీయగలుగుతున్నామంటే మిగతా పని మందు చేస్తోంది కాబట్టే.

మూడోది, ఇటలీలో అగ్నిపర్వతం కింద కాలి బొగ్గయిన పాత గ్రంథాల చుట్టలు. క్రీ.శ. 79 నాటి ఆ చుట్టలను విప్పకుండా సీటీ స్కాన్ చేసి, 2023లో ఊదారంగు అనే అర్థమున్న గ్రీకు మాటను చదివారు. అది నిజంగా గొప్ప పని. అయితే అక్కడ సిరా ఉంది, 2,000 ఏళ్ల కిందటే రాసి పెట్టి ఉంది. ఎక్స్‌రే తగిలితే బొగ్గుకి నష్టం లేదు. ఫిల్ముకి ఎక్స్‌రే కూడా వెలుగే. ఎయిర్‌పోర్టుల్లో కొత్తగా పెడుతున్న సీటీ తరహా మెషిన్లలో కడగని ఫిల్మ్ పెట్టవద్దని కొడాక్ హెచ్చరిస్తున్నది అందుకే. కడిగిన ఫిల్మ్ చుట్టలు విప్పడానికి వీల్లేకుండా అతుక్కుపోతే సీటీ స్కాన్‌తో చదివే ప్రయత్నాలు జరిగాయి. అక్కడ వెండి పూర్తిగా ఏర్పడి ఉంటుంది కాబట్టి కిరణానికి ఆనుతుంది.

కడగకుండా స్కాన్ చేసే ఒక పద్ధతి మాత్రం ఉంది, అది చెప్పకపోతే సగం నిజం చెప్పినట్టవుతుంది. డబ్బాకి సూదితో బెజ్జం పెట్టి, లోపల ఫోటో కాగితం అమర్చి, ఆరు నెలలు మేడ మీద కట్టి వదిలేస్తారు. సూర్యుడు రోజూ వెళ్లిన దారి కాగితం మీద గీతలుగా పడుతుంది. దాన్ని కడగరు, నేరుగా స్కాన్ చేస్తారు. స్కానర్ వెలుగుకి కూడా కాగితం కాస్త నల్లబడుతుంది కాబట్టి ఒక్కసారే చేయాలి. అక్కడ స్కానింగ్ ఎందుకు కుదిరిందంటే, మందు చేయాల్సిన పనిని సూర్యుడే నెలల తరబడి చేశాడు, బొమ్మ కంటికి కనపడేంత వెండి చేరింది. మాస్టారి కెమెరా షట్టర్ తెరుచుకున్నది సెకనులో చిన్న ముక్క.

ఇక అసలు విషయం, ఆగడం. "ఆగితే పోయేదేముంది" అని అబ్బాయి అన్నప్పుడు నేను చెప్పిన సమాధానమే ఇక్కడా చెబుతాను. రెండు వైపుల నుంచి పోతుంది. ఆ నాలుగు పరమాణువుల గుంపుని గాలిలోని ఆక్సిజను, తేమ కలిసి మెల్లగా తినేస్తాయి, నాలుగు మూడైతే ఆ స్ఫటికం మందుకి లొంగదు. అదే సమయంలో వేడికీ, భూమిలోంచి ఆకాశంలోంచి వచ్చే సహజ రేడియేషనుకీ, వెలుగు సోకని స్ఫటికాలు కూడా మందుకి లొంగేలా తయారవుతాయి. బొమ్మ పలచబడుతుంది, దాని చుట్టూ మసక పెరుగుతుంది. చివరికి రెండూ కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ మందూ, ఏ యంత్రమూ ఏమీ చేయలేదు, ఆ సమాచారమే అక్కడ ఉండదు.

1897లో స్వీడన్ నుంచి ఆండ్రే, స్ట్రిండ్‌బర్గ్, ఫ్రెంకెల్ అనే ముగ్గురు బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో చనిపోయారు. వాళ్ల రీళ్లు 1930లో దొరికాయి. స్టాక్‌హోంలో హెర్ట్జ్‌బర్గ్ అనే ఆయన వాటిని కడిగితే 240 ఫ్రేముల్లో 93 బతికాయి. 33 ఏళ్లు ధ్రువపు చలిలో ఉన్న ఫిల్ముకే అలా అయింది. మాస్టారి రీళ్లు కూడా 30 ఏళ్లు దాటాయి, ఉన్నది మాత్రం కలిగిరిలో, రేకుల గదిలో, ట్రంకు పెట్టెలో. రోహిణి కార్తెలో బయటే 43, 44 డిగ్రీలు ఉంటుంది. మధ్యాహ్నం ఆ పెట్టె మూత మీద చెయ్యి పెట్టి ఉంచలేం. వాన పడితే ఉక్క. మాస్టారి కెమెరాలో వేసే 120 సైజు రీళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వెనకున్న కాగితం మీది అంకెలు తేమకి ఫిల్ము మీదికి దిగుతాయి, కడిగాక ఫోటోలోని ఆకాశంలో అంకెలు కనపడతాయి.

ఇంకోవైపు కడిగే అవకాశాలూ తగ్గిపోతున్నాయి. కొడాక్రోమ్ అనే కలర్ స్లైడ్ ఫిల్ముని కడిగే చివరి ల్యాబు అమెరికాలో 2010 డిసెంబరు 30 తర్వాత ఆ రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు ఎవరి దగ్గరైనా కడగని కొడాక్రోమ్ ఉంటే దాని రంగులు పోయినట్టే, నలుపు తెలుపుగా కడిగించుకోవడమే దారి. ఊటీలో మన ప్రభుత్వ ఫిల్మ్ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, కావలిలో, ఒంగోలులో కలర్ ల్యాబుల బోర్డులు ఎన్ని ఉండేవో నా వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది. అంటే రాని యంత్రం కోసం ఎదురుచూస్తూ ఉన్న మందుని పోగొట్టుకుంటున్నాం.

ఏఐ సంగతి కూడా అతనే ఎత్తాడు. పోయిన బొమ్మను ఏఐ నింపుతుంది కదా అని. నింపుతుంది, ముఖాలు కూడా ఇస్తుంది. సారా కొట్టు ముందు కూర్చున్న ఆవిడ ముఖం మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే ఆవిణ్ణి అది చూడలేదు. ఉద్యమానికి సాక్ష్యంగా దాచుకోవాల్సిన ఫోటోలో ఎక్కడా లేని మనిషిని కూర్చోబెట్టడం ఆ ఆడవాళ్లకు చేసే అన్యాయం. ఈ విషయంలో నేను మెత్తబడలేను.

డిజిటల్ పని మొదలయ్యేది కడిగాక. పాత రీళ్ల నెగటివ్‌లు మసకగా, పలచగా వస్తాయి. వెనకటి రోజుల్లో స్టూడియోవాళ్లు వాటిని చూసి "ప్రింటు రాదండీ" అని పక్కన పెట్టేవారు. ఇప్పుడు మంచి స్కానర్ మీద 16 బిట్ ఫైలుగా తీస్తే, కంటికి ఆనని తేడాల్లోంచి కూడా ముఖాన్ని బయటికి లాగొచ్చు. వెండి ఒక్కసారి ఏర్పడితే దాన్ని ఎన్నిసార్లయినా స్కాన్ చేసుకోవచ్చు, రేపు ఇంకా మంచి స్కానర్ వస్తే దానితోనూ చేసుకోవచ్చు. అబ్బాయి ఎదురుచూస్తున్న భవిష్యత్తు టెక్నాలజీకి పనికొచ్చేది ఆ నెగటివే.

బీరువాల్లో రీళ్లు ఉన్నవాళ్లు ఏం చేయాలో కూడా చెప్తాను. రీలు విప్పకండి, లాగి చూడకండి. జిప్ కవర్లో గాలి లేకుండా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు తెరవకండి, లేకపోతే లోపల నీరు పడుతుంది. కలర్ రీళ్లయితే చెన్నై, బెంగళూరు, ముంబై లాంటి చోట్ల కడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మరీ పాతవైతే రంగుల మీద ఆశ వదిలి నలుపు తెలుపుగా కడగమని అడగండి, బొమ్మ దక్కే అవకాశం ఎక్కువ. వీలైతే విమానంలో పంపకుండా మనిషి చేతికిచ్చి రైల్లో పంపండి.

నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. కావలిలో మా మావయ్య స్టూడియోలో నేను నేర్చుకున్న పని అదే. పాత ఫిల్ముకి మసక తక్కువ పెట్టే హెచ్‌సీ-110 లాంటి డెవలపర్ మంచిది, అందులో కాస్త బెంజోట్రయజోల్ వేస్తే మసక ఇంకా అణుగుతుంది. మందు వేడి 20 డిగ్రీలు ఉండాలి. వేసవిలో మన మేడ మీద ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, ఆ నీళ్లలో జెలటిన్ ఉబ్బి పట్టీ మీద నుంచి జారిపోతుంది. మావయ్య పెద్ద పళ్లెంలో ఐసు ముక్కలు పోసి, అందులో డెవలపర్ సీసా, హైపో సీసా, కడిగే నీళ్ల జగ్గు మూడూ పక్కపక్కనే నిలబెట్టేవాడు. మూడూ ఒకే చల్లదనంలో ఉండాలి. ఒకటి చల్లగా ఇంకోటి వెచ్చగా ఉంటే పూత ముడతలు పడి ఫోటో నిండా సన్నటి పగుళ్లు వస్తాయి. థర్మామీటరు చూడకుండా మూత తీస్తే మావయ్య చేతి మీద ఒక్కటేసేవాడు.

మాస్టారి అబ్బాయి చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ముందు ఒక రీలే కడగాలి, అదీ తను పక్కనుండగా. నాకూ అదే సరైన పద్ధతి అనిపించింది. రెండూ ఒకే పెట్టెలో అన్నేళ్లూ ఉన్నాయి కాబట్టి మొదటిదాని మీద మసక ఎంత వచ్చిందో చూసి రెండోదానికి మందులో ఉంచే టైము, బెంజోట్రయజోల్ పాలు మార్చుకోవచ్చు. ఏది ముందు అన్నది మాస్టారే చెప్పారు: "మీటింగు ఫోటోల్లో నాయకులుంటారు, వాళ్ల ఫోటోలు ఇంకెక్కడన్నా దొరుకుతాయి. కొట్టు దగ్గర ఉన్నది మన ఊరి ఆడవాళ్లు. దాన్ని రెండోసారికి ఉంచండి, చెయ్యి కుదిరాక కడుగుదురు." సంక్రాంతికి అబ్బాయి ఊరొస్తున్నాడు. అప్పటికి నీళ్లు చల్లబడతాయి, ఐసు కూడా పెద్దగా అవసరం పడదు. రీళ్లు రెండూ ఇప్పుడు ట్రంకు పెట్టెలోంచి ఫ్రిజ్‌లోకి మారాయి.